తొమ్మిదో పేజీ, పద్నాలుగో లైను

ట్రాన్స్‌క్రిప్ట్ మొత్తం పదహారు పేజీలు. పద్నాలుగేళ్లకు పైగా జైల్లో ఉన్న మనిషికి శిక్ష మళ్ళీ ఖరారు చేసేటప్పుడు కోర్టులో ఎవరెవరు ఏమన్నారో అంతా ఆ పదహారు పేజీల్లోనే ఉంది. తొమ్మిదో పేజీ పద్నాలుగో లైను దగ్గర నా పెన్సిల్ ఆగిపోయింది. అక్కడ జడ్జి గారి మాటలు తెలుగులో చెప్పాలంటే ఇలా ఉంటాయి: "తుపాకీ విషయంలో నా ముందు రెండే దారులున్నాయి. 25 ఏళ్లు ఉంచాలి, లేదా పూర్తిగా తీసేయాలి. పూర్తిగా తీసేయడం ఈ కేసులో సరికాదు. కాబట్టి 25 అలాగే ఉంటుంది."

రెండు కాదు. మూడో దారి ఉంది, నాలుగోదీ ఉంది. 2022 జనవరి నుంచీ ఉన్నాయి. ఈ విచారణ జరిగింది 2023 మార్చి 14న.

నేను కాలిఫోర్నియాలోని శాక్రమెంటోలో ఒక అప్పీల్ లాయరు దగ్గర పారాలీగల్‌గా, అంటే కేసు కాగితాల పనిలో లాయరుకి సాయంగా పనిచేస్తున్నాను. డబ్బు పెట్టుకోలేని ఖైదీల అప్పీళ్లకి కోర్టే లాయర్ని నియమిస్తుంది. మా ఆఫీసుకి వచ్చేవి ఎక్కువగా అలాంటివే. ఈ కేసు గురించి రాయొచ్చా అని ఆ ఖైదీనే అడిగాను. పేరు, ఊరు లేకుండా రాయమన్నాడు. విచారణలన్నీ ముగిశాయి కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

2008 అక్టోబర్. కాలిఫోర్నియా సెంట్రల్ వ్యాలీలో ఒక ఊరు, రాత్రిపూట ఒక పార్కింగ్ లాట్. రెండు గుంపుల కుర్రాళ్ల మధ్య మాటా మాటా పెరిగింది. ఇతనికి అప్పుడు 24 ఏళ్లు. తుపాకీ తీసి కాల్చాడు. అవతలి కుర్రాడికి 21. బుల్లెట్ తుంటిలో దిగింది. ప్రాణం దక్కింది కానీ ఈ రోజుకీ సరిగా నడవలేడు. కాల్చింది ఇతనే అన్నదాంట్లో అనుమానం లేదు, ఇతనూ కాదనడు. మా అప్పీల్‌లో ఎక్కడా నిర్దోషి అన్న మాట లేదు.

2009లో వేసిన శిక్ష లెక్క ఇది. ముందే అనుకుని చేసిన హత్యాయత్నానికి జీవిత ఖైదు. నేరం గ్యాంగ్ కోసం చేశాడని జ్యూరీ తేల్చింది కాబట్టి 15 ఏళ్లు గడిచేదాకా పెరోల్ మాటే ఉండదు. తుపాకీతో తీవ్రంగా గాయపరిచినందుకు అదనంగా 25 ఏళ్ల నుంచి జీవితాంతం. అంతకుముందు ఒకసారి జైలుకి వెళ్లొచ్చినందుకు ఇంకో ఏడాది. అసలు నేరం శిక్ష మీద ఇలా ఎక్కించేవాటిని ఎన్‌హాన్స్‌మెంట్లు అంటారు. నేను అదనపు శిక్ష అనే రాస్తాను.

ఆ చివరి ఒక్క ఏడాది వల్లే కేసు మళ్ళీ తెరుచుకుంది. పాత జైలు శిక్ష ఉందని ఏడాది కలిపే పద్ధతిని కాలిఫోర్నియా చాలావరకు రద్దు చేసింది. ఎస్‌బీ 483 అనే చట్టం ఆ రద్దుని పాత కేసులకి కూడా వర్తింపజేసింది. 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అలా ఏడాది పడినవాళ్ల జాబితాని జైళ్ల శాఖే తయారుచేసి కోర్టులకి పంపాలి. ఇక్కడ ముఖ్యమైన సంగతి ఒకటుంది. కోర్టు ఆ ఒక్క ఏడాది కొట్టేసి ఫైలు మూసేయకూడదు. శిక్ష మొత్తాన్ని కొత్తగా చూడాలి. మధ్యలో వచ్చిన చట్టాలు శిక్ష తగ్గించేవైతే, జడ్జికి విచక్షణ ఇచ్చేవైతే వాటిని వర్తింపజేయాలి. మనిషి జైల్లో ఎలా నడుచుకున్నాడో కూడా చూడొచ్చు. అంటే ఆ రోజు శిక్ష పడేది 24 ఏళ్ల కుర్రాడి నేరానికే, కానీ ఎదురుగా నిలబడేది 38 ఏళ్ల మనిషి. ఇద్దర్నీ చూడాలి.

ఆ పదహారు పేజీల్లో రెండో మనిషి కనపడలేదు. మా పనంతా ఇక్కడే మొదలైంది.

అప్పీల్ అంటే కేసు మళ్ళీ మొదట్నుంచి నడపడం అనుకుంటారు చాలామంది. కాదు. పై కోర్టు సాక్షుల్ని పిలవదు, ఖైదీని పిలవదు, కొత్త సర్టిఫికెట్ తీసుకెళ్లి చేతిలో పెడతామంటే తీసుకోదు. కింది కోర్టు రికార్డులో ఏముందో అదే చూస్తుంది. క్లర్క్ తయారుచేసిన కాగితాల కట్టని మేము సీటీ అంటాం, కోర్టు రిపోర్టర్ టైపు చేసిన మాటల్ని ఆర్టీ అంటాం. ఆ రెండింట్లో లేని విషయం జరగనట్టే లెక్క.

అసలు అప్పీలే తప్పిపోయేది. విచారణ ముగిశాక 60 రోజుల్లోపు నోటీసు దాఖలు చేయాలి. విచారణలో వాదించిన లాయరు వేయలేదు. ఎందుకు వేయలేదో నేను ఊహించి రాయను. ఇతనే జైలు లైబ్రరీలో సీఆర్-120 ఫారం సంపాదించి చేత్తో నింపి 57వ రోజున, మే 10న, జైలు సిబ్బంది చేతికిచ్చాడు. కోర్టు క్లర్కు దగ్గర దాని మీద పడిన స్టాంపు మే 18. గడువు దాటిపోయింది. కానీ బయటికి వెళ్లి పోస్టు చేసే వీలు ఖైదీకి ఉండదు కాబట్టి, జైలు వాళ్ల చేతికి ఇచ్చిన రోజే దాఖలు చేసినట్టు అన్న నియమం ఇక్కడ ఉంది. జైలు మెయిల్ రిజిస్టర్‌లో మే 10 అని ఒక్క గీత ఉంది. ఆ ఒక్క గీత లేకపోతే నేను ఈ పోస్టు రాసేదాన్ని కాదు.

రికార్డు మా ఆఫీసుకి వచ్చిన వారంలో అమ్మ మా ఇంట్లో ఉంది. ఆరు నెలలు ఉండడానికి వచ్చింది. ఒక శనివారం పొద్దున డైనింగ్ టేబుల్ మీద కాగితాలు పరుచుకుని కూర్చుంటే పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఎవరిదే ఈ కేసు?"

"గ్యాంగ్ గొడవలో తుపాకీ పేల్చినతనిది అమ్మా."

"దెబ్బ తిన్నవాడు ఉన్నాడా, పోయాడా?"

"ఉన్నాడు."

"అతనేమంటున్నాడో ముందు అది చదువు."

నాలుగు, ఐదు పేజీలు. కాలిఫోర్నియాలో 2008 నుంచి బాధితులకి శిక్ష వేసేటప్పుడు మాట్లాడే హక్కు రాజ్యాంగంలోనే ఉంది. అతను వచ్చి మాట్లాడాడు. నేను ఒక్కొక్క వాక్యం తెలుగు చేసి అమ్మకి చెప్పాను. తుంటికి రెండు ఆపరేషన్లు. కూతుర్ని ఎత్తుకుని మెట్లెక్కలేడు. ఎక్కడికెళ్లినా తలుపు కనపడేలాగే కూర్చుంటాడు. చివర్లో ఇలా అన్నాడు: "అతను మారాడో లేదో నాకు తెలియదు. నాకెవరూ చెప్పలేదు." అమ్మ కళ్లు తుడుచుకుంది. నాకూ గొంతు పట్టేసింది. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.

తర్వాత ప్రాసిక్యూటర్ మాటలు చెప్పడం మొదలుపెట్టాను. ఒక వాక్యాన్ని "ఇతను గ్యాంగ్‌లో ఉండేవాడు" అని తెలుగు చేశాను. అమ్మ వెంటనే అడిగింది: "ఉండేవాడా, ఉన్నాడా?"

వెనక్కి వెళ్లి చూశాను. ఇంగ్లీషులో ఉన్నది "ఉన్నాడు" అనే. నేనే అలవాటుగా "ఉండేవాడు" అనేశాను. కేసు 2008 నాటిది కదా. పసుపు పెన్సిల్ తీసుకుని మొదటి పేజీ నుంచి వెతికాను. ఇతను గ్యాంగ్ మెంబర్ అని వర్తమానంలో పదకొండు సార్లు అన్నారు. దానికి చూపించిన ఆధారాల్లో అన్నిటికన్నా కొత్తది 2011 నాటి జైలు రిపోర్టు. తర్వాతి పన్నెండేళ్లలో ఒక్క కాగితం కూడా లేదు. డిఫెన్స్ లాయరు ఒక్కసారీ అడ్డు చెప్పలేదు. జడ్జి గారు కూడా చివర్లో అదే మాట, "ఉన్నాడు" అనే అన్నారు.

గ్యాంగ్ అన్న ముద్ర గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. కాలిఫోర్నియాలో గ్యాంగ్ అదనపు శిక్షలు 1988 చట్టంతో వచ్చాయి. అవి పడిన ఖైదీల్లో 90 శాతానికి పైగా నల్లజాతివాళ్లు, లాటినోలే. శాసనసభ ఆ విషయం రాసుకునే 2021లో ఏబీ 333 అనే చట్టం తెచ్చి నిబంధనలు బిగించింది. గ్యాంగ్ పరువు కోసం చేశాడు అంటే ఇప్పుడు చాలదు, పరువుకి మించిన లాభం ఏదో చూపించాలి. నిందితుడు అడిగితే గ్యాంగ్ సంగతి అసలు నేరం తేలాకే విడిగా విచారించాలి. ఇతని 2009 ట్రయల్‌లో ఇవేవీ లేవు. అయితే కొత్త చట్టం అప్పటికే పూర్తిగా ముగిసిన కేసులకి దానంతట అది వర్తించదు. ఇలా శిక్ష కోసం మళ్ళీ తెరుచుకున్న కేసులో వర్తిస్తుందా అన్నది అప్పటికి కోర్టుల్లో పెద్ద వివాదం. మేము ఆ వాదన కూడా పెట్టాం, కానీ ఆశలన్నీ తొమ్మిదో పేజీ మీదే పెట్టుకున్నాం.

తుపాకీ చట్టం 1998 నుంచి ఉంది. తుపాకీ వాడితే 10 ఏళ్లు, పేలిస్తే 20 ఏళ్లు, పేల్చి తీవ్రంగా గాయపరిస్తే లేదా చంపితే 25 ఏళ్ల నుంచి జీవితాంతం. ఇరవై ఏళ్లపాటు ఇందులో జడ్జి చేతిలో ఏమీ లేదు. 2018 జనవరి 1 నుంచి, న్యాయం కోసం అవసరమనుకుంటే కొట్టేసే అధికారం జడ్జికి వచ్చింది. అప్పుడు చాలామంది జడ్జిలు అన్నీ ఉంచాలి లేదా అన్నీ తీసేయాలి అనుకున్నారు. 2022 జనవరిలో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు టిరాడో కేసులో ఆ చిక్కు విప్పింది. 25 తీసేసి దాని బదులు 20 గానీ 10 గానీ వేయొచ్చని చెప్పింది. మన జడ్జి గారు పద్నాలుగు నెలల తర్వాత కూడా రెండే దారులన్నారు. డిఫెన్స్ లాయరు ఆ తీర్పు పేరెత్తలేదు, ప్రాసిక్యూటరూ ఎత్తలేదు. గదిలో చట్టం చదువుకున్నవాళ్లు ముగ్గురున్నారు. కాళ్లకి గొలుసులతో కూర్చున్న మనిషికి మాత్రం ఎవరూ చెప్పలేదు. ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు కడుపు రగిలిపోతోంది.

ఆరో పేజీలో లాయరు "కోర్టువారికి ఒక ప్యాకెట్ అందజేశాను" అన్నారు. జడ్జి గారు "అందింది" అన్నారు. ఆ ప్యాకెట్ సీటీలో లేదు. ఎగ్జిబిట్ (సాక్ష్యంగా ఇచ్చిన కాగితం) అని నంబర్ వేయలేదు, దాఖలు చేసినట్టు స్టాంపూ లేదు. నేను ఆ కౌంటీ క్లర్కు ఆఫీసుకి నాలుగు సార్లు ఫోన్ చేశాను. నాలుగోసారి ఎత్తినావిడ ఓపిగ్గా ఫైలు తెప్పించి, లోపల గోధుమరంగు కవరు ఒకటి ఉందమ్మా అన్నట్టుగా చెప్పింది. ఇంకా అంటించే ఉందట. అతికించిన కవరు అతికించినట్టే ఉంటే, లోపలిది ఎవరైనా చదివినట్టా?

రికార్డుకి జత చేయమని మేము పై కోర్టులో మోషన్ (రాతపూర్వక అభ్యర్థన) వేశాం, ఒప్పుకున్నారు. స్కాన్ కాపీ వచ్చిన రోజు మొదటిసారి ఆ మనిషిని చూశాను. జైల్లో హైస్కూల్ పరీక్ష పాసయ్యాడు. తర్వాత కమ్యూనిటీ కాలేజీ డిగ్రీ పూర్తిచేశాడు. గ్యాంగ్ వదిలేశానని 2014లో రాసిచ్చిన కాగితం ఉంది. జైల్లో అలా రాసివ్వడం ప్రాణాలకి తెగించి చేసే పని. వెల్డింగ్ షాపు ఇన్‌స్ట్రక్టర్ చేత్తో రాసిన ఉత్తరం ఒకటుంది, దాని మూల నూనె మరక కూడా స్కాన్‌లో పడింది: కొత్తగా వచ్చేవాళ్లని ఇతని పక్కనే కూర్చోబెడతానని రాశాడు. బాధితుడు అడిగిన ప్రశ్నకి జవాబు ఆ కవర్లోనే ఉంది. ఇద్దరూ ఒకే గదిలో ఉన్నారు, మధ్యలో ఆ కవరు తెరుచుకోలేదు.

ఇంకొకటి. శిక్ష మళ్ళీ వేసినప్పుడు ఆ రోజు దాకా లోపల గడిపిన ప్రతి రోజూ లెక్కకట్టి కాగితం మీద చూపాలి. కొత్త ఉత్తర్వులో 318 రోజులని ఉంది. అది 2009 నాటి అంకె, చూసి దించేశారు. నేను 2008 అక్టోబర్ 20 నుంచి 2023 మార్చి 14 దాకా కాగితం మీద లెక్కపెట్టాను. పద్నాలుగేళ్లు, మధ్యలో మూడు లీపు రోజులు, పైన ఐదు నెలలకి కాస్త తక్కువ. 5259. కంప్యూటర్‌లో సరిచూసుకున్నా అదే వచ్చింది. చేత్తో లెక్కపెట్టడం ఎందుకంటే ఎందుకని చెప్పలేను. ఒక్కసారైనా ఆ రోజులన్నీ ఎవరో ఒకరు లెక్కపెట్టాలి అనిపించింది.

బ్రీఫ్, అంటే పై కోర్టుకిచ్చే వాదనల పత్రం, మా లాయరే రాశారు. రెండు దారులే ఉన్నాయనుకున్న జడ్జి, విచక్షణ వాడినట్టు కాదు అన్నది మొదటి వాదన. తనకి ఏ అధికారం ఉందో తెలియకుండా ఇచ్చిన తీర్పుని వెనక్కి పంపాలి. తెలిసినా ఇదే చేసేవాణ్ణని రికార్డులో స్పష్టంగా ఉంటే తప్ప. అప్పీల్‌లో ప్రభుత్వం తరఫున వాదించే అటార్నీ జనరల్ ఆఫీసు ఇచ్చిన జవాబు, కింది కోర్టులో అభ్యంతరం చెప్పలేదు కాబట్టి హక్కు పోయింది అని. గట్టి వాదనే. చాలా అప్పీళ్లు ఇక్కడే పోతాయి. అందుకే మా లాయరు రెండో మెట్టు ముందే కట్టి పెట్టారు: చెప్పకపోవడమే లాయరు లోపం, సమర్థుడైన లాయరు పొందడం నిందితుడి రాజ్యాంగ హక్కు.

2024 చివర్లో తీర్పు వచ్చింది. ముగ్గురు జడ్జిలు, పద్నాలుగు పేజీలు. శిక్ష రద్దు, కేసు రిమాండ్. మనకి రిమాండ్ అంటే జైలుకి పంపడం కదా. ఇక్కడ అప్పీల్‌లో కేసుని కింది కోర్టుకి తిప్పి పంపడాన్ని కూడా అదే మాటంటారు. అమ్మకి ఫోన్‌లో చెబితే "అయ్యో, మళ్ళీ లోపలికా?" అని కంగారుపడింది. గ్యాంగ్ వాదన మీద పై కోర్టు ఏమీ తేల్చలేదు, శిక్ష ఎలాగూ మళ్ళీ వేస్తారు కాబట్టి అక్కడే చెప్పుకోమంది. రోజుల లెక్క సరిచేయాలని ఒక పేరాలో రాసింది.

కొత్త విచారణ 2025లో. వేరే లాయరు, అదే జడ్జి. ప్యాకెట్‌లోని కాగితాలని ఈసారి ఏ నుంచి హెచ్ దాకా ఎగ్జిబిట్లుగా గుర్తించి, నెల ముందే దాఖలు చేయించాం. నేను వెనక వరసలో కూర్చున్నాను. జడ్జి గారు మొదటి మాటగా, ఎనిమిది ఎగ్జిబిట్లూ చదివానని రికార్డు కోసం చెప్పారు. బాధితుడు ఈసారీ వచ్చాడు. చేతికర్ర ఉంది. ఎక్కువ మాట్లాడలేదు. గ్యాంగ్ అదనపు శిక్షని జడ్జి గారు ముట్టుకోలేదు. తుపాకీకి మేము 10 అడిగాం, ప్రాసిక్యూటర్ 25 అలాగే ఉంచమన్నారు. జడ్జి గారు 20 వేశారు. "25 నుంచి జీవితాంతం" పోయింది. రోజుల లెక్క కొత్తగా కట్టారు, 2024 ఫిబ్రవరి 29 కూడా అందులో ఉంది.

పది వస్తుందని గట్టిగా అనుకున్నాను. బయట మెట్ల మీద కూర్చుని ఏడ్చాను కూడా. సాయంత్రం అతని నుంచి ఫోన్ వచ్చింది. అతను మాత్రం ముందు, కర్రతో వచ్చినాయన మెట్లెలా దిగాడు అని అడిగాడు. పక్కన లిఫ్ట్ ఉందని చెప్పాను.

ఎనిమిది ఎగ్జిబిట్లు అన్నాను కదా. తొమ్మిదోది ఉండాల్సింది. ఖైదీ బాధితుడికి నేరుగా ఉత్తరం రాయకూడదు. క్షమాపణ రాసుకుంటే జైళ్ల శాఖలో బాధితుల విభాగం దాన్ని తీసుకుని భద్రపరుస్తుంది, బాధితుడు కోరుకుంటేనే అందజేస్తుంది. ఇతను 2019లో ఒక ఉత్తరం రాసి అక్కడ ఇచ్చాడు. దాని నకలు అతని దగ్గరుంది. పశ్చాత్తాపానికి అంతకన్నా రుజువు ఏముంటుంది, రికార్డులో లేనిది లేనట్టే అని మా లాయరు రెండుసార్లు ఫోన్‌లో నచ్చజెప్పారు. నేను ఒక ఉత్తరం రాశాను. మూడు వారాలకి జవాబొచ్చింది, గీతల కాగితం మీద పెన్సిల్‌తో.

"అది ఆయనకి రాసింది, జడ్జికి కాదు. ఆయన అడిగేదాకా ఎవరూ చదవొద్దు."

పోయిన వారం కూడా కనుక్కున్నాడట. ఆ ఉత్తరం ఇంకా అక్కడే ఉంది.